ఎస్తేరు రాజీనామా

ఆ కాగితం రాసిపెట్టింది నేనే. అందుకని ఎస్తేరు సంగతి చెప్పాల్సింది కూడా నేనే అనుకుంటాను.

నా పేరు సైదయ్య. 1986లో మిర్యాలగూడకూ కోదాడకూ మధ్య ఒక ఊళ్ళో సర్కారు దవాఖానాలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఎస్తేరు అక్కడ ఆయా. వాడపల్లి మనిషి. తల్లీ తండ్రీ నాట్లకూ కోతలకూ పోయి బతికినవాళ్ళు. ఐదో తరగతి దాకా చదివించారు. భర్త మత్తయ్య వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు ఎత్తేవాడు, ఆదివారం ఆదివారం వచ్చి పోయేవాడు. పిల్లలు లేరు. ఎస్తేరుకు అప్పటికి నలభై ఉంటాయేమో. మాట తక్కువ. కాన్పు నొప్పులతో అరిచే ఆడవాళ్ళను కసురుకోవడం ఆ రోజుల్లో ఆయాలకు మామూలే. ఎస్తేరు కసురుకోగా నేను వినలేదు.

మా ప్రాంతం నుంచి గెలిచి మంత్రి అయిన నాయకుడు ఒకాయన ఉండేవాడు. ఆయన పుట్టినరోజు ఫిబ్రవరిలో వస్తుంది. మార్చి దగ్గర పడుతుందంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లెక్క పూర్తి చెయ్యాలని మా మీద ఎలాగూ ఒత్తిడి ఉంటుంది. ఆ ఏడు పుట్టినరోజు నాడే శిబిరం పెట్టి వంద ఆపరేషన్లు చేయించాలనీ, మంత్రిగారు స్వయంగా వచ్చి ఆడవాళ్ళకు చీరలు పంచుతారనీ కబురు వచ్చింది. దవాఖాన చాలదని హైస్కూల్లో శిబిరం పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళనుంచీ తండాలనుంచీ ఆడవాళ్ళను ట్రాక్టర్ల మీద తెచ్చారు.

పొట్ట మీద చిన్న గాటు పెట్టి, గొట్టం లోపలికి పంపి చేసే ఆపరేషన్ అది. మా దగ్గర గొట్టాలు రెండే ఉన్నాయి. ఒకరికి వాడిన గొట్టాన్ని కడిగి, మందునీళ్ళ ట్రేలో ఇరవై నిమిషాలు ఉంచి, అప్పుడే ఇంకొకరికి వాడాలి. ఆ ట్రే చూసుకునే పని ఎస్తేరుది. గోడ గడియారం చూస్తూ ముంచేది, తీసేది. అలా చేస్తే పొద్దున మొదలుపెట్టి చీకటిపడే దాకా చేసినా అరవై దాటవు.

సాయంత్రం ఐదింటికి రావాల్సిన మంత్రి మధ్యాహ్నం ఒంటిగంటకే వస్తున్నాడని తొమ్మిదింటికి చెప్పారు. ఆయన వచ్చేసరికి వంద మందీ వరుసగా పడుకుని ఉండాలట. డాక్టరు బయటి జిల్లావాడు, కొత్తగా వచ్చినవాడు. చెమటలు కక్కుతున్నాడు.

"ఎస్తేరూ, గొట్టం ఇవ్వు."

"సార్, ఐదు నిమిషాలు గూడ కాలే."

"ముంచి తియ్యి. ఇవాళ్టికి అంతే."

నర్సు ఆండాళమ్మ తలెత్తలేదు. ఎస్తేరు ఆమె వంక చూసింది. ఆండాళమ్మ సూదిమందు ఎక్కిస్తూనే ఉంది. ఎస్తేరు గొట్టం ముంచింది, తీసింది, ఇచ్చింది. ఒంటిగంటకు నూట నలుగురు తరగతి గదుల్లో చాపల మీద పడుకుని ఉన్నారు. మంత్రి వచ్చాడు. ఫోటోలు తీశారు. చీరలు పంచారు.

నాలుగో రోజు నుంచి జ్వరాలు మొదలయ్యాయి. పొట్టలు ఉబ్బాయి. కొందరిని సూర్యాపేట తీసుకుపోయారు, కొందరిని హైదరాబాదు పంపారు. పది రోజుల్లో ఆరుగురు చచ్చిపోయారు. మూడో ఆమె మంగ్లీ. దగ్గరి తండా మనిషి, ముగ్గురు పిల్లల తల్లి. ఆమె భర్త బిచ్చా ఎడ్లబండి మీద శవాన్ని దవాఖాన ముందుకు తెచ్చి, ఎవరినీ ఏమీ అనకుండా కాసేపు నిలబడి, బండి తోలుకుని వెళ్ళిపోయాడు. మంగ్లీ తల్లి గౌరీబాయి బండిలోనే కూర్చుని ఉంది. ఎస్తేరు వరండాలో నిలబడి చూసింది. తర్వాత లోపలికి పోయి గచ్చు కడిగింది. పొద్దున కడిగిన గచ్చే అది.

పేపర్లలో ఫోటో పడింది. మంత్రి నవ్వుతూ చీర అందిస్తున్నాడు, చాప మీద ఒక ఆడమనిషి కళ్ళు సగం తెరిచి చూస్తోంది. ఇక మొదలైంది. మంత్రి రాజీనామా చేయాలని కోదాడలో రోడ్డు మీద కూర్చున్నారు, బస్సులు రెండు మైళ్ళ దాకా ఆగాయి. సూర్యాపేట బంద్ చేశారు. చేయొద్దని మంత్రి మనుషులు మిర్యాలగూడలో ఊరేగింపు తీశారు. నెలన్నర పాటు ఎక్కడ నలుగురు కూడినా అదే మాట.

దవాఖాన ఎదురుగా హోటల్ ఉండేది. పొద్దున చాయ్ దగ్గర వాదన మొదలయ్యేది.

"అప్పట్ల రైలు పడిపోతే మంత్రి రాజీనామా చేసిండు. ఆయన నడిపిండా రైలు?"

"గా కాలం వేరే. గిప్పుడు గిట్ల ఒక్కొక్కరు దిగిపోతే సర్కారు ఎవరు నడుపుతరు?"

"ఆరుగురు సచ్చిన్రు గదనే!"

"సచ్చిన్రు. మంత్రి కత్తి పట్టిండా? కోసినోన్ని అడగాలె."

"కత్తి పట్టకపోయినా తొందర పెట్టింది ఆయనేనండీ," అనేవాడు కోదాడ నుంచి వచ్చే ఎరువుల షాపతను. "నైతిక బాధ్యత అని ఒకటుంటది కదండీ."

"నైతిక బాధ్యత అంటే ఏందో జర చెప్పు."

అతను చెప్పేవాడు. ఎవరికీ అర్థమయ్యేది కాదు. మళ్ళీ మొదటికి వచ్చేది. నేనూ అందులో ఉండేవాణ్ణి. చేయాలనే వాళ్ళ పక్షం నాది. బాగా గట్టిగానే మాట్లాడేవాణ్ణి. వాదించుకునేవాళ్ళలో మంగ్లీ పేరు ఎవరి నోటా వచ్చేది కాదు. ఆరుగురు అనేవాళ్ళం.

ఎస్తేరు మాకు చాయ్ గిన్నె తీసుకుపోవడానికి ఆ హోటలుకు వచ్చేది. గిన్నె నిండేదాకా నిలబడి, నిండగానే పోయేది. ఒకరోజు షాపతను అడిగాడు, "ఏమ్మా, నువ్వు చెప్పు. చేయాలా వద్దా?" ఆమె అతని మొహంలోకి చూసింది. అడిగింది అర్థం కానట్టే చూసింది. గిన్నె పట్టుకుని పోయింది. అప్పటికే ఆమె సరిగ్గా తినడం మానేసింది. ఏడ్వడం మాత్రం ఎవరూ చూడలేదు. మత్తయ్య ఆదివారం వచ్చినప్పుడు నా దగ్గరకొచ్చి, "సారూ, ఇంట్ల మాట్లాడుత లేదు. కోపమా అంటే కోపం గాదు. అన్నం పెడ్తది, కూసుంటది," అని చెప్పి, ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు.

విచారణకు హైదరాబాదు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఎస్తేరును పిలిచినప్పుడు నేను గదిలోనే ఉన్నాను, కాగితాలు అందించడానికి. ఆమె అంతా చెప్పింది. ఐదింటికి రావాల్సిన మంత్రి ఒంటిగంటకు వస్తాడన్నారని చెప్పింది. డాక్టరు ముంచి తియ్యమన్నాడని చెప్పింది. తానే ముంచి తీశానని కూడా చెప్పింది. ఆఫీసరు రాసుకున్నాడు. కొన్ని మాటలకు పెన్ను కదిలింది, కొన్నిటికి కదల్లేదు. నేను చూశాను.

ఆ మర్నాడు పొద్దున్నే ఆఫీసు తెరవగానే ఎస్తేరు వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"సైదయ్య సారూ, రాజీనామా అంటే కాగితం మీద ఏం రాస్తరు?"

నేను నవ్వాను. అది ఇప్పటికీ గుర్తుంది, నవ్వడం.

"మంత్రికి రాసిస్తవా ఏంది?"

"నాకే."

"నువ్వెందుకు చేస్తవమ్మా? నిన్నెవరడిగిన్రు?"

"ఎవ్వరడగలే. నా చేతులతోనే గద ముంచి తీసిన. ఇగ ఆ ట్రే నేను పట్టలేను."

నేను చాలాసేపు చెప్పాను. పద్నాలుగేళ్ళ సర్వీసు పోతుందన్నాను. పెన్షన్ రాదన్నాను. ఆమె విన్నది. అన్నిటికీ తల ఊపింది. చివరికి, "రాస్తరా, నన్నే రాసుకోమంటరా?" అంది. నేను కాగితం తీశాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను.

'శిబిరం నాడు గొట్టాలను మందునీళ్ళలో ఉంచవలసినంత సేపు ఉంచలేదు. ఉంచనిది నేను. ఆరుగురు చనిపోయినారు. ఇకమీదట ఈ పని చేయలేను. నా రాజీనామా తీసుకోగలరు.'

"డాక్టరు చెప్పిండని రాయాలె," అన్నాను. "లేకపోతే మొత్తం నీ మీదికొస్తది."

"డాక్టరు సంగతి డాక్టరు రాసుకుంటడు. గిది నాది."

సంతకం చేసింది. చివరి 'రు' కొమ్ము దగ్గర సిరా కొంచెం చెదిరింది. నేను దాన్ని పైకి పంపాను. పంపకుండా నాలుగు రోజులు సొరుగులో పెట్టుకుని ఉంటే ఎలా ఉండేదో. పెట్టుకోలేదు. అంతే.

ఆ కాగితం వారం తిరక్కుండానే మంత్రి చేతికి చేరింది. ఎలా చేరిందో నాకు తెలియదు. సూర్యాపేటలో పెద్ద సభ పెట్టారు. నేను వెళ్ళాను. జనం బాగా వచ్చారు, సగం మంది ఆయన ఏమంటాడో విందామని వచ్చినవాళ్ళే. మంత్రి మొదట చనిపోయిన ఆడవాళ్ళ కోసం రెండు నిమిషాలు నిలబడదామన్నాడు. నిలబడ్డాం. తర్వాత జేబులోంచి నకలు తీసి చదివాడు. 'ఉంచనిది నేను' అన్న మాట దగ్గర ఆగి, మళ్ళీ చదివాడు.

"విన్నరా అన్నలారా, అక్కలారా! తప్పు చేసినోళ్ళే ఒప్పుకున్నరు. రాజీనామా చెయ్యాల్సినోళ్ళు చేసిన్రు. ఒక బీద ఆయమ్మకున్న నీతి ప్రతిపక్షం వాళ్ళకు లేదు. ఇంకా నన్ను రాజీనామా చెయ్యమంటరా?"

వద్దు, వద్దు అని ముందు వరుసలు అరిచాయి. వెనక వరుసలు కూడా మెల్లగా అందుకున్నాయి. నా పక్కన నిలబడినతను, మొన్నటిదాకా చేయాలన్నవాడే, "అయితే గామెదన్నమాట తప్పు," అని బీడీ ముట్టించుకున్నాడు.

రెండు రోజుల తర్వాత ప్రతిపక్షం నాయకులు జీపులో ఎస్తేరు ఇంటికి వచ్చారు. నన్నూ తీసుకుపోయారు, తెలిసినవాణ్ణని.

"బెదిరించి రాయించిన్రని చెప్పమ్మా. పేపరోళ్ళు బయటనే ఉన్నరు. ఒక్క మాట చాలు, రేపే దిగిపోతడు."

"ఎవ్వరు బెదిరించలే."

"డాక్టరు చెప్తెనే చేసినవు గదా?"

"చేసిన. ఆఫీసరుకు చెప్పిన గది గూడ."

"ఆ రిపోర్టుల అది లేదమ్మా!"

ఎస్తేరు కాసేపు వాళ్ళ చెప్పుల వంక చూసింది. "నేనైతే చెప్పిన," అంది. ఎంత అడిగినా అంతకు మించి ఒక్క మాట రాలేదు. వాళ్ళలో ఒకడు విసుక్కుని, ఇది మొద్దు మనిషి అన్నాడు. ఆమెకు వినబడింది. లేచి నీళ్ళు తెచ్చి వాళ్ళకిచ్చింది. తాగి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎవరూ రాలేదు.

రాజీనామా గొడవ పది రోజుల్లో చల్లారింది. హోటల్లో కాలువ నీళ్ళ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. డాక్టరును దూరం బదిలీ చేశారు. ఆండాళమ్మ సెలవు పెట్టి వెళ్ళి, తర్వాత పెద్దవూర వైపు చేరింది. ఎస్తేరు మీద కేసు పెట్టారు. ఆమె రాజీనామాను మాత్రం తీసుకోలేదు, కేసు నడుస్తుండగా కుదరదన్నారు. చివరికి ఉద్యోగంలోంచి తీసేస్తూ ఉత్తర్వు పంపారు. ఆ ఉత్తర్వు ఆమెకు అందించి సంతకం తీసుకున్నదీ నేనే. చదివి మడిచి కొంగున కట్టుకుంది.

ఆమె మీద పోలీసు కేసు అయిదేళ్ళు నడిచింది. వాయిదా రోజున మత్తయ్య పని మానుకుని వెంట వచ్చేవాడు. ఇద్దరూ కోర్టు మెట్ల మీద కూర్చునేవాళ్ళు. సాక్షులు రాక, కాగితాలు దొరక్క, కేసు కొట్టేశారు. మంత్రి తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. ఆరుగురు ఆడవాళ్ళ వల్ల కాదు, కాలువ చివరి భూములకు నీళ్ళందలేదని. దాని తర్వాతి ఎన్నికల్లో మళ్ళీ గెలిచాడు.

నేను ఆమెను తర్వాత చూసింది 1996లో. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు కల్లంలో ఉడికిన వడ్లు ఎండబోసే పని చేస్తోంది. మత్తయ్య సిమెంటు దుమ్ముకు ఛాతీ దెబ్బతిని ఫ్యాక్టరీ మానేశాడట, ఇంటి దగ్గరే ఉంటున్నాడట. నేను వెతుక్కుంటూ వెళ్ళాను, అనాల్సిన మాటలు దారి పొడుగునా కూడబెట్టుకుని. ఆమె నన్ను చూసి, "బాగున్నరా సారూ, పిల్లలు బాగున్నరా?" అంది. నేను కూడబెట్టుకున్నవేవీ అనలేకపోయాను. పక్కనే కూర్చున్నాను. అప్పుడు తనంతట తనే, పెద్ద విశేషమేమీ కానట్టు, గౌరీబాయి సంగతి చెప్పింది.

ఆ ఎండాకాలం తండా నుంచి కొందరు ఆడవాళ్ళు మిల్లు పనికి వచ్చారట. వాళ్ళలో మంగ్లీ తల్లి ఉంది. ఎస్తేరు చూడగానే గుర్తుపట్టింది. గౌరీబాయి కూడా గుర్తుపట్టింది. మూడు రోజులు ఇద్దరూ ఒకే కల్లంలో వడ్లు తిరగేశారు, మాట్లాడుకోలేదు. నాలుగో రోజు అన్నం వేళ గౌరీబాయి వచ్చి ఎదురుగా కూర్చుందట.

"నువ్వేనా గాడ ఉన్నది?"

"నేనే."

"రాసిచ్చింది గూడ నువ్వేనంట."

"అవును."

గౌరీబాయి అన్నం మూట విప్పింది. తర్వాత అడిగింది, "మత్తుమందు ఇచ్చేముందు నా బిడ్డ ఏమన్న అన్నదా?"

పదేళ్ళలో ఎస్తేరును ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆఫీసరు అడగలేదు, పోలీసులు అడగలేదు, నేనూ అడగలేదు.

"కట్టెలమోపు ఎన్ని రోజులకు ఎత్తొచ్చు అన్నది," అని చెప్పింది ఎస్తేరు. "నెల దాక ఎత్తకు అన్న. నెల దాకనా, అప్పటిదాక మా అమ్మ ఎత్తుతదా అని నవ్వింది."

గౌరీబాయి తన చేతుల వంక చూసుకుంది.

"ఎత్తేదాన్నే," అంది.

కూలీలను పిలిచారు. ఇద్దరూ లేచారు. సాయంత్రం దాకా వడ్లు తిరగేశారు. మళ్ళీ మాట్లాడుకోలేదట. మర్నాడు గౌరీబాయి పనికి వస్తుందో రాదో అనుకుందట ఎస్తేరు. వచ్చింది.