కోపమొస్తే గంట కొట్టు

ఒక్క ఇనుప ముక్కతో ఆర్మూరు బజారు మొత్తాన్ని పొద్దున పదకొండు గంటలకే అన్నానికి కూర్చోబెట్టిన మహానుభావుణ్ణి నేనే. ఆ ఘనకార్యానికి నాకు జరిగిన సన్మానం ఎలాంటిదో చెప్తాను. మీరు హాయిగా నవ్వుకోండి. అప్పుడు నాకు మాత్రం నవ్వు రాలేదు.

అరవైల మొదట్లో సంగతి. టీచర్ ట్రైనింగ్ ముగించి, పిల్లల మనసుల గుట్టంతా ఒక నోటుబుక్కులో రాసుకుని, ఆర్మూరు బడిలో నాలుగో తరగతికి పంతులుగా దిగాను. మాది పక్కనే జక్రాన్‌పల్లి. ఇంట్లో పసుపు పంటే. కానీ ట్రైనింగ్ అయినవాణ్ణి కదా, ఇంటి సంగతులు గుర్తుంటే చదువు దండగ! బెత్తం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. దానికి బదులు రోజూ పొద్దున పరిశుభ్రత పరీక్ష. అందరూ చేతులు చాపాలి. మురికి చేతులవాళ్లు బయట నిలబడాలి.

నా తరగతిలో గంగామణి అనే పిల్ల ఉండేది. వయసు తొమ్మిదేళ్లు, కోపం తొంభై ఏళ్ల ముసలమ్మది. పొద్దున్నే పలక విసిరేది. నా కుర్చీని తన్ని పడేసేది. నేను అందులో లేనప్పుడే లెండి, అంత మర్యాద తెలిసిన పిల్ల.

హెడ్మాస్టరు నన్ను పిలిచారు.

“గా పోరి పేరు కొట్టేస్త. ఎవరిదన్న తలకాయ పగిలిందాక ఆగుదామా?”

“అద్దు సార్. కోపాన్ని అణచొద్దు, దారి మళ్లించాలె. నేను చదువుకున్న.”

“నువ్వు చదువుకున్నవు, గామెనేమో పలకలు ఇసురుతున్నది. ఇన్స్‌పెక్షన్ దాక చూస్త. గప్పటికి గూడ గిట్లనే ఉంటే రిజిస్టర్ల పేరుండది.”

పేరు పోతే గంగామణి తిన్నగా పసుపు కల్లానికి పోతుంది, మళ్లీ పలక పట్టదు. అది తలుచుకుంటే నాకు నిజంగానే భయం వేసింది. రాత్రంతా నోటుబుక్కు తిరగేసి, పొద్దున గంగామణిని వరండాలో వేలాడే రైలుపట్టా ముక్క దగ్గరికి తీసుకుపోయాను. మా బడి గంట అదే.

“కోపమొస్తే ఎవరిని కొట్టకు. పోయి గంట కొట్టు.”

“ఎంతసేపు కొట్టాలె సారూ?”

“కోపం పోయేదాక.”

కొరివితో తల గోక్కున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. నేను రైలుపట్టాతో గోక్కున్నాను.

మా బడి పక్కనే పసుపు కొనే అడ్తి దుకాణాలు. అక్కడి హమాలీలకు గడియారాలు ఎక్కడివి? మా బడి మధ్యాహ్నం గంట మోగితేనే వాళ్లు సద్ది విప్పేవారు. ఆ రోజు పదకొండింటికి, చేతుల పరీక్ష కాగానే గంగామణి విసవిసా పోయి గంట కొట్టింది. బడి పిల్లలంతా పలకలు సంకన పెట్టుకుని ఇళ్లకు పరుగు. అయిదు నిమిషాల్లో ఒక సేటు రొప్పుతూ వచ్చాడు.

“సారూ, లారీ సగమే నిండింది, హమాలీలు బస్తాలు దించి సద్దులిప్పిన్రు! మీ గడియారం ఖరాబైందా?”

“లేదు సేటూ, గిది కోపం గంట.”

“ఎవరికొచ్చింది కోపం?”

“నాలుగో తరగతికి.”

“గా తరగతికి జర శాంతం నేర్పుండ్రి. నా లారీ ఇయ్యాల పోవాలె.”

నాలుగు రోజులు ఇదే తంతు. హెడ్మాస్టరు ఇన్స్‌పెక్షన్ కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. బజారు పదకొండుకే తిని, రెండింటికల్లా మళ్లీ ఆకలని గోల పెట్టింది. కానీ పలక ఒక్కటీ ఎగరలేదు. నోటుబుక్కులో ‘దిగ్విజయం’ అని రాసుకున్నాను.

అయిదో రోజు ఇన్స్‌పెక్టరు వచ్చారు. ఆయన ఎదుట నా గొప్ప చూపాలని చేతుల పరీక్ష పెట్టాను.

“మళ్ల మురికే గంగామణీ! బయట నిలబడు.”

పిల్ల ముక్కుపుటాలు అదిరాయి. నేను గర్వంగా, “చూడుండ్రి సార్, పలక ఇసరది” అన్నాను. నిజమే, విసరలేదు. గంట మోగింది. బడి ఖాళీ అయింది. ఇన్స్‌పెక్టరుగారికి పరీక్షించడానికి నేనూ, హెడ్మాస్టరూ, బెంచీలూ మిగిలాం. కోపం తీరాక గంగామణి ఒక్కతే తిరిగి వచ్చింది.

“రోజు ఎందుకొస్తది బిడ్డా కోపం?” అని, హెడ్మాస్టరు నోట గంట కథంతా విన్న ఇన్స్‌పెక్టరు అడిగారు.

“నాయి మురికి చేతులా సార్? పొద్దుగాల అమ్మతోని పసుపు ఉడుకబెట్టి ఒస్త. మూడుసార్లు తోముకున్న. పసుపు పోతదా? గీ సారు రోజు అందరి ముంగట మురికంటడు.”

ఇన్స్‌పెక్టరు నావైపు తిరిగారు. “నీ చేతులు చూపియ్యి.”

చాపాను. ముందురోజు ఆదివారం కదా, మా కల్లంలో పసుపు కొమ్ములు తిరగేసి వచ్చిన చేతులు. గోళ్ల సందులన్నీ పచ్చగా, గంగామణి చేతులకన్నా రెండింతలు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు కోపమైంది. “సార్, నేను ట్రైనింగ్ అయినోణ్ణి!” అని డస్టరు బల్లకేసి కొట్టాను.

గంగామణి నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

“సారూ, కోపమొస్తే బల్లను కొట్టద్దు. పోయి గంట కొట్టుండ్రి.”

“పో,” అన్నారు ఇన్స్‌పెక్టరు. “కోపం పోయేదాక కొట్టు.”

కొట్టాను. హమాలీలు ఆ రోజు రెండోసారి సద్దులు విప్పారు. గంగామణి పేరు మాత్రం రిజిస్టరులో చెక్కుచెదరలేదు. ఆ రైలుపట్టా సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను, ఈ జన్మలో ఇంకెవరి చేతులూ పరీక్షించనని. ఎంత నిష్ఠగా పాటించానంటే, పెళ్లిచూపుల్లో సైతం పిల్ల చేతుల వంక కన్నెత్తి చూడలేదు.