హాజరుపట్టీలో పదకొండో వరస

నిన్న సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు, మాకు చిన్నప్పుడు తెలుగు చెప్పిన మాస్టారు మా దీవిలో మిడిల్ పాయింట్ పేటలోని ఇంట్లో చనిపోయారు. అప్పటికే చెప్పులు వేసుకుని, హాజరుపట్టీ చంకలో పెట్టుకున్నారని వాళ్ల అమ్మాయి చెప్పింది.

ఆ పట్టీ బడిది కాదు. ఆటస్థలం మెట్ల కింద పడుకునే ఇల్లులేనివాళ్ల కోసం, రిటైరయ్యాక పెట్టింది. ఒక వానాకాలం అక్కడ ఒకతను చనిపోతే పేరు చెప్పగలిగినవాళ్లు దొరకలేదు. మర్నాటి నుంచి మాస్టారు రోజూ పొద్దుగూకే వేళ వెళ్లి పేర్లు పిలిచేవారు. పెన్సిలుతోనే రాసేవారు, వానకి సిరా కారిపోతుందని. మొత్తం పదకొండు మంది.

"హాజిర్, మాస్టర్‌జీ! భూక్ కూడా హాజిర్!" అనేవాడు జెట్టీలో మూటలు మోసే అతను.

"ఆకలికి గడి లేదు గానీ, కూకోరా," అనేవారు మాస్టారు.

చివరి వరస గ్లాసమ్మది. అసలు పేరు ఎవరికీ తెలియదు. ఆమెకు చెవుడు, మాట కూడా లేదు. మాస్టారు ఆమె పక్కన నేలను అరచేత్తో రెండుసార్లు చరిచేవారు. ఆ అదురు తెలిసి ఆమె చెంచాతో స్టీలు గ్లాసును రెండుసార్లు కొట్టేది. అప్పుడు టిక్కు పెట్టేవారు.

"వచ్చినోళ్లని ఎవుడైనా చూస్తాడు. పట్టీ రానోళ్ల కోసంరా." బడిలో మాకు చెప్పిన మాటే అక్కడా అనేవారు.

ఈమధ్య ఊళ్లో పెద్ద ఆటల పోటీలు జరిగాయి. బయటి జట్లు వస్తాయని మెట్లకు సున్నం వేసి, అక్కడివాళ్లను ఫెర్రీ దాటి వెళ్లే బాంబూఫ్లాట్ అవతల, ఇళ్లకు దూరంగా ఉన్న పాత కలప షెడ్డులో ఉంచారు. పోటీలు ముగిశాక జాబితా చదివి ఒక్కొక్కరినీ పిలిచి, రెండు బళ్లలో ఫెర్రీకి తెచ్చారు. జాబితాలో పది పేర్లే. పేరు చెప్పలేని మనిషిని ఎవరూ రాసుకోలేదు. మొదటి బండివాళ్లు ఆమె రెండో బండిలో ఉందనుకున్నారు. రెండో బండివాళ్లు మొదటి దాంట్లో వెళ్లిందనుకున్నారు. షెడ్డుకు తాళం పడింది.

నేను మా పేపరు ఆఫీసులో కూర్చుని ఆ జాబితా చూసి, పదిమందీ క్షేమంగా తిరిగొచ్చారని వార్త రాశాను.

మెట్ల దగ్గర గ్లాసమ్మ కనిపించక మాస్టారు షెడ్డుకు వెళ్తే, లోపల ఎవరూ లేరంటూ గేటు దగ్గర కాపలా అతను ఆ వార్తే చూపించాడు. "అందర్ కోయీ నహీ, అంకుల్. పేపర్లో కూడా దస్ అనే ఉంది, దేఖో."

ఆ పేపరు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "ఏట్రా, కాయితం చూసి రాసీసినావా? మనుషుల్ని లెక్కెట్టనేదా?"

నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే, తప్పు దిద్దించిందీ ఆయనే. పట్టీలోని పేజీతో సహా సవరణ అచ్చు వేశాం. షెడ్డు తెరవాలని అర్జీ పెట్టాం. గేటు దగ్గర నన్నూ ఆపారు. ఉత్తర్వు కావాలన్నారు.

ఆ సాయంత్రం ఆయన వెంట మెట్ల దగ్గరికి వెళ్లాను. కొత్త సున్నం వాసన. పదిమంది పలికారు. మాస్టారు ఖాళీ చోట నేలను రెండుసార్లు చరిచి ఆగారు. స్టీలు మీద చెంచా తగిలిన చప్పుడు రెండుసార్లు వినిపించింది.

"మై నహీ, మాస్టర్‌జీ," అన్నాడు మూటలు మోసే అతను, రెండు చేతులూ చూపిస్తూ. మిగతావాళ్ల చేతులూ ఖాళీగానే ఉన్నాయి. గాలికి జెండాకర్రల తాళ్లు కొట్టుకున్నాయనుకుందామంటే, వాటిని పోటీలు అయిపోయిన రోజే విప్పేశారు. చప్పుడు నేను విన్నాను. ఎక్కడిదో తెలియదు.

మాస్టారు గైర్హాజరు అనే రాశారు. "చప్పుడికి హాజరు ఎయ్యకూడదురా. మనిషి రావాల."

తర్వాత నాలుగు సాయంత్రాలూ వెళ్లాను. మూడు రోజులు అది రెండేసి సార్లు వినిపించింది. మొన్న ఒక్కసారే. నిన్న పిలవడానికి ఎవరూ వెళ్లలేదు.

ఉత్తర్వు ఈ ఉదయం వచ్చింది. మాస్టారి దహనం మధ్యాహ్నం అయింది. షెడ్డు తాళంచెవి ఏ శాఖ దగ్గరా లేదట. రేపు మొదటి ఫెర్రీకి మాస్టారి అమ్మాయి, ఆ పదిమంది, నేను బయల్దేరుతున్నాం. ఎనిమిదిన్నరకి తాళం పగలగొడతారు. డాక్టరును కూడా రమ్మన్నారు.