క్లిప్పుకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో నాకు కోపం రాని పూటంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే కొంత నవ్వొస్తుంది, కొంత మాత్రమే. మిగతా కోపం ఇంకా అట్లాగే ఉంది కాబట్టి ఇదేదో చల్లారిపోయిన మనిషి చెప్పే కథ అనుకోకండి. గిద్దలూరు పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి బయోమెడికల్ ఇంజనీరింగ్ అనే చదువులో చేరడం నేను చేసిన మొదటి తప్పు. ఆ పేరులో మెడికల్ ఉంది, ఇంజనీరింగూ ఉంది. మా నాయన ఆ రెండు మాటలూ విని, కూతురు డాక్టరూ ఇంజనీరూ ఒకే ఖర్చులో అయిపోతోందని తీర్మానించుకున్నాడు. తీర్మానించుకుని ఊరుకుంటే బాగుండేది. గొర్రెల సంతలో చెప్పాడు, బస్టాండు దగ్గర టీ దుకాణంలో చెప్పాడు, పామూరు నుంచి ఉన్ని కొనడానికి వచ్చే ఆయనకు కూడా చెప్పాడు.

ఇక నేను సెలవులకు ఇంటికొస్తే చాలు, మా అరుగు మీద జనం. ఒకరు నాలుక చాపేవారు, ఒకరు పంచె పైకి లాగి మోకాలు చూపించేవారు. "నేను డాక్టర్ని కాదు పెద్దనాయనా, ఆసుపత్రిలో మిషన్లు ఉంటాయే, వాటి చదువు నాది" అని చెప్పేదాన్ని. "అంటే మెకానిక్కా?" అనేవాడాయన. కాదనేదాన్ని. "మరింకేంది, డాక్టరే గదా. మాత్ర రాసియ్యి" అని మోకాలు ఇంకొంచెం ముందుకు జరిపేవాడు. ఒకాయన ఏకంగా గొర్రెను భుజాన వేసుకొచ్చాడు. (దానికి నిజంగానే జబ్బు చేసింది. నేను కోపంతో తలుపు వేసుకుని లోపల కూర్చున్నాను. రెండు రోజులకు అదే లేచి మేతకు పోయింది. ఆ పేరు కూడా నాకే వచ్చింది.)

పోనీ కాలేజీలో అయినా మనశ్శాంతి ఉందా అంటే అదీ లేదు. మా ల్యాబులో గుండె పరీక్ష చేసే మిషన్ ఒకటే ఉండేది, అదీ అద్దాల బీరువాలో. బీరువా తాళం హెచ్చోడీ సారు దగ్గర, సారేమో ఎప్పుడూ మీటింగులో. మూడేళ్ళు ఆ మిషనును అద్దంలోంచి చూసి, పరీక్షలో దాని బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకున్నాం. నాలుగో ఏడు దసరా సెలవులకు ముందు మాత్రం, మీ ఊరి దగ్గర ఏదైనా ఆసుపత్రిలో నాలుగు వారాలు పని నేర్చుకుని, అక్కడి డాక్టరు సంతకం తెండి అని పంపేశారు. ఎవరు నేర్పిస్తారో, ఏం నేర్పిస్తారో వాళ్ళకే తెలియదు.

నేను గిద్దలూరులో ఆరు మంచాల చిన్న ఆసుపత్రిలో చేరాను. అక్కడ డాక్టరు సారు కాక మనుషులు ఇద్దరే. ఒకరు నర్సు, అందరూ సిస్టరక్క అనేవాళ్ళు. ఇంకొకరు కాంపౌండర్ మామ. (నాకే కాదు, ఊరందరికీ ఆయన మామే.) మొదటి రోజు ఫ్యాను తిరగడం లేదు చూడమన్నారు. రెండో రోజు సారు వాళ్ళ ఇంట్లో మిక్సీ. మూడో రోజు టీవీ రిమోట్. నేను వచ్చింది రోగి మంచం పక్కనుండే మిషన్లు విప్పి చూడటానికి అంటే, "వాటి జోలికి పోవద్దమ్మా, చెడిపోతాయి" అని కాంపౌండర్ మామ వాటి మీద గుడ్డ కప్పేవాడు. బాగుచేసే చదువు చదివిన మనిషి ముట్టుకుంటే చెడిపోతాయట. ఒళ్ళు మండిపోయేది. (మిక్సీ బాగుచేయడం కూడా నాకు చేతకాలేదన్న సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. అది నా కోపాన్ని రెట్టింపు చేసింది.)

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మామ ఆ రోజు పొద్దున్నే మిషన్లన్నింటికీ పూలదండలు వేశాడు, స్ట్రెచర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. గంధం, కుంకుమ ఉన్న పళ్ళెం పట్టుకుని నా దగ్గరకొచ్చి, "మిషన్ల చదువు నీది గదమ్మా, నీ చేత్తోనే బొట్టు పెట్టు" అన్నాడు. మూడు వారాలు ముట్టుకోనివ్వని మనిషి బొట్టు పెట్టడానికి మాత్రం పిలిచాడు. మిషనుకు కావలసింది బొట్టు కాదు, శుభ్రం అని ఆయనకు పది నిమిషాలు క్లాసు పీకాను. ఆయన ఓపికగా అంతా విని, "నువ్వు చెప్పేదంతా నిజమే గానీ, బొట్టు పెట్టకుంటే ఎట్ల?" అన్నాడు. నాకు తిక్క రేగింది. పళ్ళెం లాక్కుని, ఇదే కదా మీకు కావలసింది అనుకుంటూ, కంటికి కనిపించిన ప్రతిదానికీ తడి గంధం మెత్తి, దాని మీద కుంకుమ అద్దుకుంటూ పోయాను. బీపీ మిషనుకు పెట్టాను, తూకం మిషనుకు పెట్టాను, ఫ్రిజ్జుకు పెట్టాను, సిస్టరక్క కూర్చునే కుర్చీకి పెట్టాను. ఎక్కడెక్కడ పెట్టానో చూసుకునే స్థితిలో లేను.

మర్నాడు సారు పండక్కి అత్తగారి ఊరు పోయాడు. ఆ పొద్దున్నే నాయన వాళ్ళమ్మను, అంటే మా జేజిని, బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకొచ్చాడు. మూడు రోజులుగా జలుబు, దగ్గు, అంతే. సిస్టరక్క ఆమె వేలికి క్లిప్పు తగిలించింది. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే క్లిప్పు అది, తొంభై ఐదు పైన ఉంటే భయం లేదు. జేజికి డెబ్బై ఆరు చూపించింది. సిస్టరక్క ముఖం మారిపోయింది. సారుకు ఫోన్ చేస్తే, ఆ అంకె విని, ఆక్సిజన్ పెట్టి వెంటనే నంద్యాల పంపించమన్నాడు. మామ ఆంబులెన్సుకు ఫోన్ చేశాడు.

నంద్యాల అనే మాట వినగానే జేజి గట్టిగా మంచం పట్టీ పట్టుకుంది. "నేను రాను. మీ తాతను ఆ అడవి రోడ్డునే తీసకపోయినారు. మళ్ళా రాలేదు" అంది. అది నిజమే, నాకు గుర్తుంది. నాయన ఆమెను కాసేపు బతిమాలి, నా వైపు తిరిగాడు. "పాపా, నువ్వు చదివింది ఇదే గదా. పంపిద్దామా, వద్దా? నువ్వెట్ల జెప్తే అట్ల." డాక్టర్ని కాదని మూడేళ్ళు అందరి మీదా అరిచిన దాన్ని, ఆ క్షణంలో డాక్టర్నైతే బాగుండని ఏడుపొచ్చింది. భయమేసింది, నిజంగా చాలా భయమేసింది. నాకు తెలియదు నాయనా అని నోటి దాకా వచ్చింది కూడా.

కానీ జేజి మాట్లాడుతూనే ఉంది. ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగేసి, నల్ల గొర్రె ఈనేట్టుంది, దాని పిల్లను మా పెద్దక్కకు ఇయ్యాల, కొమ్ము విరిగిన పొట్టేలు మాత్రం మా చిన్నాయనకు ఇయ్యొద్దు, వాడు అమ్ముకుంటాడు అని ఊపిరి తిప్పుకోకుండా పంపకాలు పెడుతోంది. డెబ్బై ఆరు ఉన్న మనిషి ఇన్ని మాటలు మాట్లాడగలదా? గోళ్ళు చూశాను, మామూలుగానే ఉన్నాయి. చేతులు రుద్ది వెచ్చబరిచి ఇంకో వేలికి పెట్టాను. డెబ్బై మూడు. క్లిప్పు తీసి నాయన వేలికి పెట్టాను. డెబ్బై నాలుగు. "నాకూనా?" అని నాయన మెల్లగా పక్క మంచం మీద కూలబడ్డాడు. అప్పుడు అర్థమైంది, జబ్బు మనుషులకు కాదు. కిటికీ దగ్గరకు పోయి క్లిప్పు నోరు తెరిచి చూశాను. లోపల ఎర్ర లైటు వచ్చే చిన్న అద్దం మీద ఎండిపోయిన గంధం, దాని మీద చక్కగా గుండ్రంగా కుంకుమ. వెలుతురు వేలి గుండా సరిగా దాటక, అది తనకు తోచిన అంకె చూపిస్తోంది. స్పిరిట్ దూదితో తుడిచి మళ్ళీ జేజి వేలికి పెట్టాను. తొంభై ఏడు.

అక్కడితో ఆగి ఉంటే ఆ రోజు నేను మహారాణిని. ఆగలేదు. మూడేళ్ళ కోపం మొత్తం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "దీని లోపల బొట్టు పెట్టిన బుద్ధిమంతులెవరు? మనుషుల ప్రాణాలంటే ఆటలుగా ఉందా మీకు? బుర్ర అనేది ఉందా ఆ పెట్టినవాళ్ళకు?" అని మొదలుపెట్టి, వాళ్ళ చదువును, ఊరిని, ఆసుపత్రిని, మా కాలేజీ బీరువాను కూడా కలిపి తిట్టాను. మామా సిస్టరక్కా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, మామ చాలా మర్యాదగా, "నిన్న పళ్ళెం నీ చేతిలోనే గదమ్మా ఉన్నింది" అన్నాడు.

ఆంబులెన్సు వచ్చి బయట ఆగింది. డ్రైవరు దిగి గుమ్మంలోకి వచ్చాడు. జేజి మాత్రం వేలికున్న క్లిప్పును చూసుకుంటూ, "కింద ఇంకో అంకె ఉందే, అదేంది?" అని అడిగింది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెబుతుంది అన్నాను. తనది ఎనభై రెండు. "నీ వేలు పెట్టు, చూద్దాం" అంది. పెట్టాను. నూట ముప్పై ఒకటి. జేజి గుమ్మంలో నిలబడ్డ డ్రైవరును పిలిచి, "నాయనా, నాకు గాదు, దీన్ని తీసకపో" అంది. అందరూ నవ్వారు, డ్రైవరుతో సహా. దానికీ నాకు కోపమొచ్చింది.

సారు మర్నాడు వచ్చి జేజి ఛాతీ చూసి దగ్గు మందు ఇచ్చాడు. అడక్కుండానే నా కాగితం మీద సంతకం పెట్టాడు. నాయన ఆ తర్వాత ఎవరికీ నేను డాక్టర్నని చెప్పలేదు. "మిషన్ అబద్ధం జెప్తే పట్టుకుంటాది మా పాప" అనేవాడు. బొట్టు సంగతి మాత్రం ఆయన ఎక్కడా ఎత్తలేదు. జేజి ఇంకో ఆరేళ్ళు బతికింది. ఇంట్లో నేను గొంతు పెంచినప్పుడల్లా చూపుడువేలు చాపి, "ఎంతుందో చూడు" అనేది.

ఇప్పుడు నా పని అదే. మార్కాపురం, కురిచేడు, పామూరు అని తిరుగుతూ ఆసుపత్రుల్లో మిషన్లు బాగుచేస్తుంటాను. ఆయుధపూజ మర్నాడు నా ఫోను ఆగదు. మొన్న దసరాకు ఒక ఆసుపత్రిలో క్లిప్పు తెరిస్తే, లోపల అదే గంధం, అదే కుంకుమ. ఎదురుగా కొత్తగా చేరిన నర్సమ్మాయి బిక్కచచ్చిపోయి నిలబడింది. నాకు మళ్ళీ నెత్తికెక్కింది. దూదితో తుడిచి, నోరు తెరవబోయే ముందు, నా వేలికే పెట్టుకుని చూశాను. పైన తొంభై ఎనిమిది, కింద నూట పద్దెనిమిది. నాకు దగ్గరలో జేజి గొంతు వినిపించినట్టయింది. కుర్చీ లాక్కుని, కింది అంకె తొంభై దిగే దాకా మాట్లాడకుండా కూర్చున్నాను. దిగాక ఆ పిల్లకు క్లిప్పు వెనక వైపు చూపించి, బొట్టు ఇక్కడ పెట్టుకోవచ్చమ్మా, లోపల వద్దు అని చెప్పాను. ఎవరు పెట్టారని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న అడగడం మానేసి చాలా ఏళ్ళైంది.