వెనక్కి చూసిన నెమలి

1961లో నేను గద్వాలలోని ఒక నేత సంఘంలో డెమాన్‌స్ట్రేటర్‌ని. చేతిమగ్గం మీద బతికేవాళ్లకు జకార్డు నేర్పడం నా పని. జకార్డు అంటే మగ్గం పైన బిగించే యంత్రం. చిల్లులు కొట్టిన అట్టలు వరసగా తిరుగుతుంటే, ఏ పోగు లేవాలో ఆ చిల్లులే చెబుతాయి. మనిషి ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదని అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి.

మొదట సాయన్న మగ్గానికి బిగించాను. ఆయన యాభై దాటిన నేతగాడు. గ్రాఫు కాగితం మీద నెమలి గీసి, అట్టలు కొట్టి, కుట్టి ఎక్కించాను. మూడో రోజు చీర చెంగులో నెమళ్లు మెడ దాకా తేలాయి. మెడలు మధ్యలో విరిగినట్టున్నాయి. కొన్ని అట్టలను నేను పొరపాటున వరస తప్పించి కుట్టాను.

"విప్పేద్దాం సాయన్నా, మళ్లీ మొదలుపెడదాం," అన్నాను.

ఆయన బట్ట మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"విప్పకున్రి సారూ. తప్పైతే అయింది గని, గీ నెమలి ఎనకకు జూస్తాంది. దాని పిల్ల ఎనకవడ్డట్టుంది."

తల భాగం వచ్చేసరికి యంత్రాన్ని ఆపి, చేత్తో పోగులు లేపుతూ ముక్కును వెనక్కి తిప్పాడు. కన్ను పెట్టాడు. ఆ కంట్లో ఎదురుచూపు కనిపించింది. మిగతా వరసలకూ ఆ తప్పు అట్టల్నే ఉంచమన్నాడు. ప్రతి వరసలోనూ మెడ దాకా యంత్రం, తల దగ్గర ఆయన.

మహబూబ్‌నగర్ ప్రదర్శనలో ఆ చీర ముందు జనం ఆగిపోయారు. పెద్ద అధికారి ఒకాయన, "ఈ మెడ తిప్పే ఆలోచన ఎవరిది?" అని అడిగారు. పక్కనే ఉన్న సాయన్న నా వైపు చూశాడు, నేను చెబుతానని.

"జకార్డు పనండీ. డిజైన్ నాది," అన్నాను.

అధికారి నా భుజం తట్టారు. నేను తల దించుకున్నాను.

రైల్లో ఇద్దరం గద్వాల తిరిగొచ్చాం. ఇంటి దగ్గర సాయన్న భార్య ఎల్లమ్మ ఎదురొచ్చింది.

"ఏమన్నరు సారూ? మా ఆయన నెమలిని మెచ్చుకున్నరా?"

నేను నోరు విప్పేలోగా సాయన్నే చెప్పాడు: "మెచ్చుకున్నరు. సారు పేరు రాసుకున్నరు."

"మరి నీ పేరు?"

"సారుకు యాదికి రాలే."

మర్నాడు ఆ అధికారికి నిజం రాసి పోస్టాఫీసు దాకా వెళ్లాను. అప్పుడు నా ప్రమోషన్ విషయం నడుస్తోంది. ఉత్తరం చించేశాను.

సాయన్న ఆ తర్వాత కూడా సారూ అనే పిలిచాడు, వెళ్లినప్పుడల్లా మంచినీళ్లిచ్చాడు. కానీ నా అట్టలు తప్పినప్పుడు ఏమీ అనేవాడు కాదు. తప్పును తప్పుగానే నేసి ఇచ్చేవాడు.

తర్వాత పనిచేసిన ప్రతిచోటా డిజైన్ కాగితం మీద నేతగాడి పేరు రాయించాను. దానివల్ల సాయన్నకు దక్కిందేమీ లేదు. ఆ విరిగిన మెడలో చూపును పట్టుకోవడం యంత్రానికి చేతకాదు, నాకూ చేతకాలేదు. పట్టుకున్న మనిషి పేరు చెప్పడం మాత్రం నాకు చేతనైన పనే. అది నేను చెయ్యలేదు.