మామూ ఇంటికొచ్చిన జర్మనీ మనిషి

మా మామూ, అంటే మా అమ్మ తమ్ముడు, పోయిన శుక్రవారం పొద్దున వాకాడులో కన్నుమూశాడు. జుమా నమాజు కాగానే మగవాళ్ళు మట్టి ఇచ్చి వచ్చారు. ఏళ్ళ తరబడి మంచంలో ఉన్న మనిషి. గట్టిగా ఏడ్చే ఓపిక కూడా ఇంట్లో ఎవరికీ మిగల్లేదు.

మీలో మరపడవలున్న వాళ్ళకు ఆయన ఇంజను మేస్త్రీగా తెలిసే ఉంటాడు. ఆ పని నేర్చుకున్నది తూర్పు జర్మనీలో. కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్న రోజుల్లో అక్కడి ఫ్యాక్టరీకి శిక్షణకు వెళ్ళాడు. అది పూర్తికాక ముందే, కారణం చెప్పకుండా విమానం ఎక్కించి పంపేశారు. ఆయన పెళ్ళాడాలనుకున్న క్యాంటీను అమ్మాయిని, దేశం దాటి పశ్చిమ జర్మనీకి పోవాలని చూసిందని జైల్లో పెట్టారు. తానే ఎక్కడో నోరు జారి ఉంటానని మామూ నమ్మాడు. ఆ తర్వాత ఇంట్లో పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు.

అక్కడినుంచి ఒక అలవాటు వెంట తెచ్చుకున్నాడు. ఎదురుగా లేని మనిషి గురించి మాట మొదలైతే చాలు, టీ గ్లాసు కింద పెట్టి లేచిపోయేవాడు. తన మాట చెప్పాల్సి వచ్చినా వీధి తలుపు మూసి, గొంతు తగ్గించే చెప్పేవాడు. నా కష్టాలన్నీ ఆయనకే చెప్పుకున్నాను. ఒక్కటీ ఇంకొకరి చెవిన పడలేదు. బెర్లిన్ గోడ కూలిందని టీవీలో చూసి వీధిలో వాళ్ళు పరుగున వచ్చి చెబితే, "గోడ పడిపోయిందిలే. దానికుండిన చెవులు యాడికి పోతాయి?" అన్నాడు.

కొన్నేళ్ళకు ఆ చెవుల్లో ఒకటి మా గడపకే వచ్చింది. ఫ్యాక్టరీ హాస్టల్లో మామూతో ఒకే గదిలో ఉండిన జర్మన్ స్నేహితుడు. నేనప్పుడు వాకాడు బళ్ళో కొత్తగా టీచరుగా చేరి మామూ ఇంట్లోనే ఉన్నాను. అన్నాల దగ్గర అతను చెప్పేదంతా మామూ నాకు తెలుగులో చెప్తున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. అతను తల వంచుకుని చాలాసేపు మాట్లాడాడు.

"ఏమంటున్నాడు మామూ?"

"చేపల పులుసు బాగుందంట. ఇంకొంచెం వెయ్యి పాపా."

అతను బస్సెక్కి వెళ్ళిపోయాకే సంగతి చెప్పాడు. గదిలో మామూ అన్న ప్రతి మాటా రహస్య పోలీసులకు చేరవేసింది ఆ స్నేహితుడే. ఆ అమ్మాయి సంగతి కూడా.

"రెండు తిట్లన్నా తిట్టకుండా ఎట్లా పంపినావు?" అన్నాను. ఒళ్ళు మండిపోతోంది నాకు.

"కోపం పెట్టుకోవాలన్నా ఓపిక ఉండాల పాపా. వాడినెవరు బెదిరించినారో ఏమో. ఆ పిల్ల బతికుందా అని ఒక్కటే అడిగినా. ఉందన్నాడు. పశ్చిమాన యాడో కాపురం చేసుకుంటా ఉందంట. చాల్లే."

ఆ సాయంత్రం ఆయన పనిముట్లు ముట్టుకోలేదు. మామూ మనసు తేలికపడిందని తర్వాత అమ్మ అంది. నాకట్లా అనిపించలేదు. మోసిన నింద తనది కాదని తెలిసినంత మాత్రాన, మోసిన ఏళ్ళు వెనక్కి వస్తాయా?

చనిపోయే ముందురోజు మధ్యాహ్నం, కళ్ళు మూసుకునే ఆయన జర్మన్‌లో మాట్లాడటం మొదలుపెట్టాడు. మధ్యలో నవ్వాడు. ఏదో అడిగి, జవాబు వినడానికన్నట్టు ఆగాడు. మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. ఎన్నడూ లేనిది, గొంతు తగ్గించుకోకుండా, వీధి చివరిదాకా వినిపించేట్టు మాట్లాడుతూనే ఉన్నాడు.