ప్రభువు చెప్పని మాట

ఏళ్ల తరబడి నేనొక మాటను మోస్తున్నాను. చాలా చిన్న మాట. చెప్పడానికి ఒక్క ఊపిరి పట్టింది. వెనక్కి తీసుకునే ధైర్యం మాత్రం ఇప్పటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేనొక క్రైస్తవ సంఘానికి పెద్దను. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో, అద్దాల మేడల వెనక సందులో, ఒక రేకుల షెడ్డులో మా ఆరాధన జరుగుతుంది. వారమంతా ఆ మేడల్లో పనిచేసేవాళ్లకు బస్సు నడుపుతాను. ఆదివారం వాక్యం చెబుతాను. మాది గుంటూరు వైపు. మా నాన్న కూడా సంఘ పెద్దే. ఊహ తెలిసినప్పటి నుంచి లేఖనాల మధ్య పెరిగినవాణ్ణి. దేవుడు చెప్పకుండానే చెప్పాడని పలికేవాడి గతి ఏమవుతుందో నేనే ఎన్నోసార్లు గొంతు పెంచి బోధించాను. కాబట్టి తెలియక చేశానని అనడానికి నాకు దారి లేదు.

యాకోబు మా సంఘంలో పాటలు పాడేవాడు. పాలమూరు వైపు నుంచి కూలికి వచ్చి, మా దగ్గరే బాప్తిస్మం తీసుకున్నాడు. డోలక్ ఒళ్లో పెట్టుకుని అతను పాట ఎత్తుకుంటే సందులో పోయేవాళ్లు గుమ్మం దగ్గర ఆగేవారు. ఆగినవాళ్లలో కొందరు లోపలికొచ్చి కూర్చునేవారు. అలా షెడ్డు నిండింది. నిండింది నా ప్రసంగాలకేనని పైకి ఎన్నడూ అనలేదు. లోపల అనుకునేవాణ్ణి. కాదని కూడా నాకు తెలుసు.

కొన్నాళ్లు ట్రాలీ ఆటో నడిపి, అతను పెద్ద బండ్ల లైసెన్సు తెచ్చుకున్నాడు. అప్పుడు రెండు దారులు ఎదురయ్యాయి. బాలానగర్‌లో ఒక రవాణా కంపెనీ కంటైనర్ లారీ మీద డ్రైవరుగా తీసుకుంటానంది. నెల జీతం. బండి చెడితే కంపెనీదే భారం. కానీ చెన్నై, ముంబై తిరగాలి, మళ్లీ ఇంటి మొహం ఎప్పుడు చూస్తాడో తెలియదు. రెండోది, పాత టిప్పర్ ఒకటి సొంతానికి కొనుక్కుని, ఇక్కడే కొత్త మేడల పునాదుల మట్టి తోలడం. అందుకు భార్య సునీత బంగారం పోవాలి, పైన ఫైనాన్సు కావాలి.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఇద్దరూ నా దగ్గరికొచ్చారు.

"అన్నా, జర మా పంచాయితీ తెంపు" అన్నాడు యాకోబు. "ఈమెకు నన్ను ముంబైకి తోలిచ్చి, టీవీ రిమోటు తన చేతిల పెట్టుకోవాలనుంది."

"టీవీ కరాబై ఎన్ని దినాలాయె! చేపిస్తనని ఊకె చెప్పుడే" అంది సునీత. "ఈయన మాటలు పట్టుకోకన్నా. కంపెనీకే పొమ్మంటున్న నేను."

అతను నవ్వాపి, నెమ్మదిగా అన్నాడు. "నాకూ గట్లనే అనిపిస్తుందన్నా. కొత్త చెయ్యి నాది. రెండేండ్లు వాళ్ల బండి మీద నేర్చుకుంట, సొంతం సంగతి ఎన్క సూద్దాం అని. గని నా తెలివిని నమ్ముకుని చానసార్లు దెబ్బతిన్న. నువ్వు ఉపాసముండి ప్రార్థన చెయ్యి. దేవుడు ఏది చెప్తే గదే."

మా సంఘంలో అది వాడుక. పెద్ద ఉపవాసముండి, దేవుని సన్నిధిలో జవాబు కోసం కనిపెట్టుకుని ఉండి, తనకు వచ్చిన మాట చెబుతాడు. ఆ మాటకు ఎదురుండదు.

మూడు రోజులు ఉంటానని చెప్పాను. మొదటి రోజు మధ్యాహ్నానికే తినేశాను. ఆకలికి ఆగలేక కాదు. మోకరించినప్పుడల్లా యాకోబు పేరు నోటికి రాకముందే, అతను లేని ఆదివారం కళ్ల ముందుకొచ్చేది. సగం ఖాళీ షెడ్డు. వంతు పాడేవాళ్లు లేని పాట. నా గొంతొక్కటే. ఇక ప్రార్థించడం మానేశాను. ఎందుకో ఇప్పుడు నాకు స్పష్టంగా తెలుసు. అడిగితే ఏ జవాబు వస్తుందో తెలుసు గనుక అడగలేదు.

గడువు తీరాక వాళ్లింటికి వెళ్లాను. "ప్రభువు మాట్లాడాడు తమ్ముడూ. సొంత బండే" అన్నాను.

యాకోబు కళ్లు మూసుకుని స్తోత్రం అన్నాడు. సునీత నా మొహంలోకి చూసింది.

"అన్నా, ఏమనుకోకు. ఒక్కటే అడుగుత. దేవుడే చెప్పిండా? నీకు మంచిగనిపించి చెప్తున్నవా?"

తప్పుకోవడానికి ఆమె నాకు తలుపు తీసింది. ఎంత మర్యాదగా తీసింది! ‘నాకే అనిపించిందమ్మా’ అంటే సరిపోయేది. ఎవరూ నన్ను తప్పుబట్టేవారు కాదు.

"దేవుడే చెప్పాడమ్మా" అన్నాను.

బండి వచ్చింది. నేనే నూనె రాసి ప్రార్థించాను. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత వానలకు తవ్వకాలు ఆగిపోయాయి. కాంట్రాక్టరు డబ్బులకు ఇవాళ రేపు అంటూ తిప్పుకున్నాడు. పాత బండి గనుక ఒకటి బాగుచేస్తే ఇంకొకటి పోయేది. కొత్తవాడు గనుక ఏ చప్పుడు దేనికి గుర్తో తెలియదు, ఏ మెకానిక్‌ని నమ్మాలో తెలియదు. కంపెనీలో నేర్చుకోవాలనుకున్నది సరిగ్గా అదే. ఆదివారాలు రోడ్లు ఖాళీగా ఉంటాయని అప్పుడే తోలమనేవారు. ఎవరి పాట కోసం నేను అబద్ధమాడానో ఆ మనిషి ఆరాధనకు రావడమే తగ్గిపోయింది.

నన్ను అన్నిటికంటే కోసేది ఇది. కంపెనీ నుంచి అతనికి మళ్లీ కబురొచ్చింది. ఆ సమయానికి బండి అమ్మేసి ఉంటే ఇంత దెబ్బ తగిలేది కాదు. సునీత అమ్మమని పోరింది. అతను నాతో అన్నాడు, "దేవుడిచ్చిన బండి అన్నా. కష్టమొచ్చిందని అమ్మితే ఆయన మొకం ఎట్ల సూడాలె?" అతన్ని ముంచింది టిప్పర్ కాదు. నా మాట. ఎవడైనా మనిషి ఇచ్చిన సలహా అయితే అతను ఎప్పుడో వదిలేసేవాడు. నేను దాని మీద దేవుని పేరు పెట్టాను, అందుకే చివరిదాకా పట్టుకున్నాడు. అప్పుడైనా నేను నోరు తెరవచ్చు కదా? తెరిచాను. "విశ్వాసంతో నిలబడు తమ్ముడూ" అన్నాను.

ఫైనాన్సువాళ్లు బండిని లాక్కుపోయారు. బంగారం తిరిగి రాలేదు.

తర్వాత ఒక ఆదివారం, దేవుడు తమకు చేసింది ఎవరికి వారు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో యాకోబు లేచాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దేవుడు నాకు బండిచ్చిండు. నేనే నిలుపుకోలేదు. నాల ఏదో పాపముంది, నాకే కనపడ్తలేదు. దేవునిది తప్పు లేదు. సంఘం నన్ను క్షమించాలె."

స్త్రీల వరసలో సునీత అతని వైపు చూడటం లేదు. నా వైపు చూస్తోంది.

అతను వచ్చి నా ముందు మోకరించాడు. ఏం చేశానంటారు? అతని తల మీద చెయ్యి వేశాను. అతను చెయ్యని పాపాన్ని క్షమించమని, బిగ్గరగా, చక్కని మాటలతో ప్రభువును వేడుకున్నాను. సంఘమంతా ఆమెన్ అంది. ఆ తల బరువు నా అరచేతికి ఇంకా తెలుస్తూనే ఉంది. మొదటి అబద్ధం పిరికితనం అనుకుందాం. ఇదేమిటి? దీనికి పేరు నాకు దొరకలేదు.

ఇప్పుడతను ఇతరుల టిప్పర్ల మీద రోజుకూలికి డ్రైవరుగా పోతాడు. పాడడు. అర్హత లేదంటాడు. వెనక వరసలో కూర్చుని, వెళ్లేటప్పుడు "వందనాలన్నా" అంటాడు. అప్పుడప్పుడు ఆగి, "నాల ఏముందో దేవుడు నీకు ఏమన్న చూపిచ్చిండా?" అని అడుగుతాడు. ఇంకా నన్నే అడుగుతాడు. సునీత ఆరాధనకు రావడం మానేసి చాలా కాలమైంది.

ప్రభువు దగ్గర ఇదంతా ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. కన్నీళ్లతోనే. కానీ ఆయన దగ్గర ఒప్పుకోవడంలో కష్టమేముంది? ఆయనకు ముందే తెలుసు. ఈ సంగతి తెలియక మోసపోయిన మనిషికి చెప్పడం కదా కష్టం. చెప్పాల్సిన మనిషి యాకోబు అని నాకు తెలుసు. చెబితే అతనికి తన మీద నమ్మకం తిరిగి వస్తుందా, దేవుని మీద ఉన్నదీ పోతుందా? ఈ ప్రశ్న నిజంగా అతని కోసమేనా, లేక నా కుర్చీ కోసమా? అదీ నాకు తేలలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలోది కాదు.

ఒక్కటి మాత్రం, మొదటిసారి, మరొకరి కళ్ల ముందు పెడుతున్నాను. యాకోబులో ఆ పాపం లేదు. ఎప్పుడూ లేదు. ఆ మూడు రోజుల్లో దేవుడు నాతో ఏమీ చెప్పలేదు. నేను అడగనే లేదు.