కీసరలో నేను చెప్పిన గోత్రం

పాప నా దగ్గరికి వచ్చేసరికి దానికి ఏడాది కూడా నిండలేదు. కన్నవాడు అది కడుపులో ఉండగానే దాని తల్లిని వదిలేసి పోయాడు. ఆమెను నేను పెళ్లి చేసుకున్నాను. ఆ తర్వాత కీసర గుట్ట మీద పాపకు పుట్టువెంట్రుకలు తీయించాం. మేనమామ మొదటి కత్తెర వేశాక మా అత్త పాపను తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టి, “ఇగ నీ బిడ్డనే అయ్యా” అంది. అయ్యగారు గోత్రం అడిగితే నాది చెప్పాను. చుట్టాలంతా అక్షింతలు వేశారు. మా లెక్కలో దత్తత అయిపోయింది. ఇంకేదో కావాలని మాకెవడు చెప్పాడు?

నాచారంలో కాపురం. మల్లాపూర్‌లో లేత్ పనికి పోతూ పాపను బడి దగ్గర దింపేవాణ్ణి. గేటు ముందు బూటుకాలు నా మోకాలి మీద పెట్టి, “నాన్నా, లేసు” అనేది. కట్టుకోవడం వచ్చినా కట్టుకునేది కాదు. అంత గారాబం.

తర్వాత నాకూ దాని తల్లికీ పడలేదు. ఆమె పాపను తీసుకుని అన్నోజిగూడలో పుట్టింటికి పోయి, బిడ్డ ఖర్చులకు నా మీద కేసు వేసింది. ఇవ్వనని నేనెప్పుడన్నాను? ఇస్తాను, ఆదివారం పాపను నా దగ్గరికి పంపితే చాలు. కానీ మా అన్న అప్పటికే ఉప్పల్‌లో వకీలును మాట్లాడేశాడు. “నువ్వు నోర్మూస్కొని కూసో, అన్నీ ఆయన సూస్కుంటడు” అన్నాడు.

కోర్టులో మా వకీలు లేచి, ఈ పాప ఇతనికి పుట్టలేదు, చట్టప్రకారం దత్తతా లేదు అన్నాడు. జడ్జిగారు నన్నే అడిగారు.

“పాప మీ కూతురేనా?”

“నా బిడ్డనే సార్.”

“దత్తత తీసుకున్నారా?”

“కీసరల నా ఒళ్లె కూసోబెట్టిన్రు సార్. గోత్రం గూడ నాదే చెప్పిన.”

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

తీర్పు నావైపే వచ్చింది. వకీలు నా భుజం తట్టాడు. “బతికిపోయినవ్ తమ్మీ. పైసా కట్టేది లేదు. చట్టం లెక్కన ఆ పిల్లకు నువ్వేం గావు.”

“మరి ఆదివారం సూడనిస్తరా సార్?”

“ఏమైతవని సూస్తవ్?”

అన్న మిఠాయి కొందామంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఎవరి మీద అరవాలి? ఇద్దరూ నా మేలు కోరినవాళ్లే.

కోర్టు వరండాలో పాప తన తల్లి చెయ్యి విడిపించుకుని నా దగ్గరికి వచ్చింది. ఎప్పటిలాగే కాలు ముందుకు చాపింది. నేను కింద కూర్చుని మోకాలు పెట్టాను. దాని తల్లి మొహం అటు తిప్పుకుంది. లేసు కట్టడం త్వరగా అయిపోకూడదని ఒకసారి విప్పి మళ్లీ కట్టాను.

“ఇగ నువ్వే కట్టుకోవాలె బిడ్డా” అన్నాను.

“నాకు రాదు” అంది.